సంతనాడు ఖాళీ ఊళ్లో వ్యాన్

సోఫియా టిఫిన్ డబ్బా మూత బిగిస్తుండగానే మొగుడు టైటస్ మొదలెట్టాడు. "సాయంత్రం బేగి రా. మా అమ్మ వత్తంది." ఆయన బడి పంతులు. ఆయనది ఉద్యోగం, సోఫియాది షికారు! కొండ ఊళ్లు తిరిగే వైద్యం వ్యాన్‌లో ఆమె నర్సు. వ్యాన్ ప్రభుత్వానిది, నడిపేది ప్రైవేటు కంపెనీ.

వ్యాన్ కొండెక్కి ఆగేసరికి ఊళ్లో కోళ్లు తప్ప ఎవరూ లేరు. ఎందుకుంటారు? ఇవాళ జి.మాడుగుల సంత. పసుపూ గుమ్మడికాయలూ మోసుకుని పిల్లాపాపలతో దిగిపోయారు. సంతనాడు ఈ ఊరొద్దని సోఫియా ఎంత మొత్తుకుందో! ప్రభుత్వ డాక్టరుగారేమో "రూటు కంపెనీదమ్మా" అంటారు. కంపెనీ మేనేజరు ధర్మతేజేమో "అగ్రిమెంటులో అలాగే ఉంది మేడమ్, ప్రభుత్వాన్నే అడగండి" అంటాడు. ఇంట్లో ఒక అత్తగారు చాలనట్టు ఉద్యోగంలో ఇద్దరు. మాట మాత్రం ఎవరూ వినరు. అంతలో ఆమెకి సుక్రి గుర్తొచ్చింది. ఈ ఊళ్లోనే నెలలు నిండిన పిల్ల. పోయినసారే కాళ్లు వాచి, బీపీ పెరిగి ఉంది. ఆస్పత్రికి పదమంటే, మళ్లీ వ్యాన్ వచ్చినప్పుడు చూద్దువులే అంది. ఇప్పుడు నెత్తిన మూటతో సంతలోనే ఉండి ఉంటుంది.

"పోలయ్యా, బండి సంతకి తిప్పు."

"అమ్మో! బండి కదిల్తే జీపీఎస్‌లో ఆపీసుకి తెలిసిపోద్ది మేడమ్. ఈడే ఉండమన్నారు."

"ఈడుండి ఏటి సేత్తాం? కోళ్లకి బీపీ సూద్దామా?"

పోలయ్య గొణుక్కుంటూనే బండి తిప్పాడు.

సుక్రి గుమ్మడికాయల పక్కన తల పట్టుకుని కూర్చుని ఉంది. ముఖమంతా వాపు. "తల పగిలిపోతంది అక్కా" అంది. సోఫియా బీపీ చూస్తే పోయినసారి కన్నా బాగా పెరిగిపోయి ఉంది. ఆ పిల్లని పొదివి పట్టుకుని వ్యాన్ ఎక్కించింది. అప్పుడే ఫోన్ మోగింది. మేనేజరు కాదు, టైటస్.

"ఏటి సేత్తన్నావు నువ్వు? మీ మేనేజరు నాకు ఫోన్ సేసాడు. 'మీ మిసెస్‌కి మీరైనా చెప్పండి సార్' అంటన్నాడు. నా పరువు ఏటి కాను? బండి ఎనక్కి పట్టుకెళ్లిపో!"

సోఫియాకి ఒళ్లు మండిపోయింది. బండి తోలింది పోలయ్య. మరి పోలయ్య పెళ్లానికి చేశాడా ఫోన్? తన నంబరు ఆ మేనేజరు దగ్గర లేదా? మొగుడికి చెప్పి అదుపులో పెట్టించాలా?

"సుక్రిని ఆస్పత్రికి తీసుకెళ్తన్నాను. బండి ఎనక్కి రాదు" అంది. "ఆ మేనేజరు మళ్లీ సేత్తే, 'నేను మొగుణ్ణే గానీ ఆవిడకి ఆఫీసర్ని కాదు' అని సెప్పి ఫోన్ పెట్టెయ్యండి."