అభ్యంతరం లేదు

ఎవరూ వాడని వస్తువు కళ్ల ముందు ఉంటే నాకు ఒళ్లు మండుతుంది. మా అమ్మ దాచుకున్న మూతల్లేని డబ్బాలనూ, డబ్బాల్లేని మూతలనూ ఒక్క పూటలో బయట పారేసి వారం రోజులు తిట్లు తిన్నదాన్ని. ఆ బుద్ధికే ఇప్పుడు నాకు జీతమిస్తున్నారు. మార్కాపురంలో మా మేడ మీది గదిలో కూర్చుని నేను చేసే ఉద్యోగం, కెర్నెల్‌లోని పాత సరుకును ఏరి పారేయడం.

కెర్నెల్ అంటే కంప్యూటర్‌లో అన్నిటికన్నా అడుగున ఉండే ప్రోగ్రాం. ప్రింటర్ నడవాలన్నా, మోటారు ఆగాలన్నా దాన్ని అడగాల్సిందే. ఆ అడిగే పద్ధతులనే ఫంక్షన్లంటాం. "ఇంతసేపయ్యాక నన్ను లేపు" అని అడగడానికి ఒక టైమర్ ఫంక్షన్ ఉండేది. దానిలో దొంగలు దూరే సందు ఉందని తేలింది. దాని బదులు కొత్తది వచ్చి ఆరేళ్లు గడిచినా, బద్ధకస్తులు పాతదాన్నే పట్టుకుని వేలాడారు. పోయినేడు దాన్ని సమూలంగా తీసేసే పని నేను నెత్తిన వేసుకున్నాను. కెర్నెల్ లోపల దాన్ని వాడుతున్న డ్రైవర్లు నలభై మూడు. డ్రైవర్ అంటే పరికరానికీ కెర్నెల్‌కీ మధ్య మాటలు మోసే చిన్న ప్రోగ్రాం. నలభై మూడింటినీ నా చేత్తో కొత్త పద్ధతికి మార్చాను. ఇక లోపల వాడేవాళ్లు ఎవరూ లేరు. బయట వాడేవాళ్లను లెక్కలోకి తీసుకోనక్కర్లేదని మా రూలు.

బయట వాడేవాడు ఒకడున్నాడని నాకు తెలుసు.

వాడి పేరు శ్యాంసన్. మా గుళ్లో సండే స్కూల్లో నా దగ్గర బైబిలు వాక్యాలు కంఠస్థం చేసినవాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. గంగయ్య పలకల ఫ్యాక్టరీలో మోటార్లూ కంప్యూటర్లూ బాగుచేస్తుంటాడు. వాళ్ల నాయన ఏబేలుకు కుడిచేతికి మూడు వేళ్లే. మిగిలిన రెండూ రాయి కోసే బ్లేడు కింద పోయాయి. శ్యాంసన్ భార్య ఎలీషబా కూడా అట్లాంటి మిషన్ దగ్గరే పనికి కుదిరింది. అందుకని పెళ్లయిన కొత్తలోనే వాడు ఒక పాత కంప్యూటర్ తెచ్చి మిషన్ పక్కన పెట్టి, బ్లేడు ముందు, రాయి కన్నా కాస్త ఎత్తులో, ఒక లైటు కిరణం అమర్చాడు. చెయ్యి దానికి అడ్డం వస్తే బ్లేడు ఠక్కున ఆగుతుంది. దానికి డ్రైవర్ తనే రాసుకున్నాడు. కిరణాన్ని క్షణక్షణం చూసుకోవడానికి టైమర్ ఎట్లా పెట్టాలని అడిగితే, ఆ ఫంక్షన్ వాడమని చెప్పింది నేనే. అప్పటికి దానిలో సందు ఉందని ఎవరికీ తెలీదు.

తొమ్మిదేళ్లు అది చక్కగా పనిచేసింది. ఎంత చక్కగా అంటే, ఆ మిషన్ మీదికి వచ్చే ఆడవాళ్లు స్విచ్చి దాకా నడవడం మానేశారు. నీళ్లు తాగాలన్నా, కొంగు సర్దుకోవాలన్నా, చెయ్యి చాపి కిరణానికి అడ్డం పెట్టి మిషన్ ఆపేవాళ్లు. ఎలీషబా అయితే అటు చూడకుండానే చెయ్యి పెట్టేదట.

ఫంక్షన్ తీసేసే ముందు అందరికీ ఒక మెయిల్ పంపడం ఆనవాయితీ. ఎవరికైనా అభ్యంతరం ఉంటే రెండు వారాల్లో చెప్పమని అందులో రాస్తాం. నేను రాశాను. నన్ను రేపు ఎవరూ వేలెత్తి చూపకుండా శ్యాంసన్ అడ్రసు కూడా కలిపాను.

ఇక్కడే వాడు మా గుడి బుద్ధి చూపించాడు. మాలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు గుళ్లో పాస్టరు అయ్యగారు ప్రకటన చదువుతారు. ఈ జంటకు అభ్యంతరం చెప్పేవాళ్లెవరైనా ఉంటే చెప్పవచ్చంటారు. చెప్పడానికి నా ఎరుకలో ఒక్కరూ లేవలేదు. లేస్తే పెళ్లివారి పరువు తీసినట్టే. కడుపులో ఎంత ఉన్నా తల వంచుకుని కూర్చోవడమే మర్యాద. శ్యాంసన్ నా మెయిల్‌ను కూడా అట్లాంటి ప్రకటనే అనుకున్నాడు. ఒక అడుగు ముందుకేసి, ప్రపంచమంతా చూసేచోట, "ఫెబీ మేడమ్ నిర్ణయానికి నాకు అభ్యంతరం లేదు" అని జవాబు కూడా రాశాడు. ఆ సాయంత్రం ఫోన్ చేశాడు.

"అక్కా, మాది ఒకటుంది గదా. దానికేం కాదు గదా?"

"దానికేంరా? ఆ పాత కంప్యూటర్ ఉన్నన్నాళ్లూ నడుస్తుంది" అన్నాను. అందులో అబద్ధం లేదు.

వాడి జవాబు నాకు భలే పనికొచ్చింది. కెర్నెల్ రికార్డులో, తీసివేతకు అంగీకరించినవాళ్ల జాబితాలో వాడి పేరు ఎక్కించాను. వాడుతున్నవాడే ఒప్పుకున్నాక ఇంకెవడు నోరెత్తుతాడు? ఫంక్షన్ పోయింది. పైవాళ్లు నన్ను మెచ్చుకుని, ఆ భాగమంతటికీ పెద్దను చేశారు. కెర్నెల్‌లో తన పేరు పడిందని శ్యాంసన్ పొంగిపోయి అయ్యగారికి చెప్పుకుంటే, ఆదివారం ఆరాధనలో ఆయన చదివి వినిపించారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఈ ఏడు మే నెలలో గాలివానకు ఫ్యాక్టరీ దగ్గర పిడుగు పడి ఆ పాత కంప్యూటర్ మాడిపోయింది. గంగయ్య కొత్తది కొన్నాడు. దానికి కొత్త కెర్నెల్. శ్యాంసన్ డ్రైవర్ అందులో ఎక్కలేదు. రెండు రోజులు తంటాలు పడి, మూడోనాడు పొద్దున్నే లాప్‌టాప్ చంకన పెట్టుకుని మా ఇంటికొచ్చాడు.

నేను అప్పుడే ఒక మీటింగ్ ముగించి విసుగ్గా ఉన్నాను.

"అక్కా, ఆ ఫంక్షన్ లేదంటా ఉంది. కొత్తది పెడితే బ్లేడు ఆగేది లేదు. ఒక్కసారి చూడండక్కా."

"కెర్నెల్ బయట ఉన్న కోడ్‌కు మేం పూచీ కాదని నీకు తెలీదా? ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. నీ డ్రైవర్‌ను లోపల చేర్చి ఉంటే, నలభై మూడింటితో పాటు దాన్నీ నేనే మార్చేదాన్ని."

"ఒకసారి పంపినాను గదక్కా. కోడ్ లైన్ల ముందు స్పేసులు సరిగా లేవని మీరే తిప్పి పంపినారు."

అది నిజమే. నిజం కాబట్టే నాకు ఇంకా కోపం వచ్చింది.

"సరిచేసి మళ్లీ పంపొద్దా? ప్రతిదానికీ అక్కా అక్కా అని వస్తే ఎట్లరా? డాక్యుమెంట్ ఉంది, చదువుకో. ఇవాళ నీకు చేసిపెడితే రేపు ఇంకో పదిమంది వస్తారు."

"చదివినానక్కా. అర్థం కాలా. గంగయ్య ఆగేటట్టు లేడు. మిషన్ మీద ఉండేది ఎలీషబా."

"అయితే ఆమెను నాలుగు రోజులు పనికి పోవద్దను."

"పోకపోతే ఇంకో మనిషిని పెట్టుకుంటాడు గదక్కా."

నేను కుర్చీ తిప్పుకుని తెర వైపు చూశాను. వాడు లాప్‌టాప్ మళ్లీ చంకన పెట్టుకుని, "సరేలే అక్కా, మీకు పనులుంటాయి" అని మెట్లు దిగిపోయాడు. వాడి లాప్‌టాప్ తెరిచి చూస్తే పది నిమిషాల పని. అది వాడు మెట్లు దిగుతున్నప్పుడే నాకు తెలుసు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. వెనక్కి పిలవలేదు.

మర్నాడే గంగయ్య కిరణం తీగ పీకించి, బ్లేడుకు నేరుగా కరెంటు ఇప్పించాడు. "లైట్లు లేనప్పుడు మీ తాతలు రాయి కొయ్యలేదా ఏంది?" అన్నాడట. ఎలీషబాకు శ్యాంసన్ వందసార్లు చెప్పి పంపాడు, చెయ్యి పెట్టొద్దు, స్విచ్చి దగ్గరికే పో అని. ఆమె రెండు రోజులు గుర్తుపెట్టుకుంది. మూడోనాడు మధ్యాహ్నం పక్కామె ఏదో అడిగితే, అటు తిరిగి మాట్లాడుతూ, మిషన్ ఆపడానికి తొమ్మిదేళ్ల అలవాటు కొద్దీ చెయ్యి చాపింది.

కుడిచేతికి బొటనవేలు మాత్రం మిగిలింది.

నేను ఆసుపత్రికి పోయేసరికి శ్యాంసన్ వరండాలో బెంచీ మీద లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. చొక్కా మీద నెత్తురు ఎండిపోయి నల్లబడింది. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఆ స్థితిలో కూడా లేచి నిలబడ్డాడు.

"అయిపోయిందక్కా. మీరు మార్చిన ఆ నలభై మూడు డ్రైవర్లు ఉండాయి గదా, వాటిల్లో ఒకటి పక్కన పెట్టుకుని చూసినా. నాలుగు లైన్లు. పావుగంట పట్టింది."

వాడి గొంతులో కోపం లేదు. ఉంటే నాకు బాగుండేది. తిట్టరా అని అరవాలనిపించింది. వాడి వెంట లోపలికి నడిచాను.

ఎలీషబా మెలకువగానే ఉంది. కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టారు. నన్ను చూసి లేవబోయింది. వద్దన్నాను.

"అక్కా, ఒక మాట అడుగుతా, ఏమనుకోబాకండి" అంది. "ఈయన మీ ఇంటికొచ్చిన పొద్దు మీరు కూచొని చేసుంటే, అది ఎంతసేపటి పని?"

మంచం అవతల శ్యాంసన్ తెరిచిన లాప్‌టాప్ చేతుల్లో పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను వాడి వైపు చూడలేదు.

"పెద్ద పనమ్మా. నేను కూర్చున్నా పదిహేను రోజులు పట్టేది."

ఆమె తల తిప్పి మొగుడి ముఖంలోకి చూసింది. నాలుగు లైన్లు ఇంకా తెర మీదే ఉన్నాయి. వాడు లాప్‌టాప్ మెల్లిగా మూశాడు.

"యాడ పదిహేను రోజులు? నెల పట్టేది" అన్నాడు. "అక్క చేతిలో ఏముంది?"

"అయితే సరేలే" అని ఎలీషబా కళ్లు మూసుకుంది.