జోసఫ్ గారి వెచ్చని కాగితం

2024 ఫిబ్రవరి 4, ఆదివారం. టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో తెల్లవారినప్పటి నుంచి సన్నటి తుంపర, ఎముకలు కొరికే ఉత్తరపు గాలి. ఇలాంటి రోజున తెలుగు చర్చిలో ఆరాధన అయ్యాక జనం ముందు అన్నం దగ్గరికి పోరు. గుమ్మం పక్కన బల్ల మీదున్న జోసఫ్ గారి కాగితాల దగ్గరికి పోతారు.

జోసఫ్ గారికి డెబ్భై మూడేళ్లు. కాకినాడలో ఇంజనీరింగ్ చదివి, ఇక్కడో లిఫ్టుల కంపెనీలో ముప్ఫై ఏళ్లు డ్రాయింగులు గీసి రిటైరయ్యారు. లిఫ్టుల గురించి అడిగితే గంటసేపు చెప్తారు కాబట్టి ఎవరూ అడగరు. రిటైరైన నెలకే 'నాకు నచ్చినవి' అని వారానికో అరపేజీ రాసి పంచడం మొదలుపెట్టారు. ఏ కొట్లో కొత్త ఉసిరి తొక్కు బాగుంది, ఏ కొరియన్ సీరియల్లో అత్తగారు అచ్చం మన అత్తగార్లలాగే సాధిస్తుంది, ఏ టేబుల్ లైటు మెడ వంచితే వంచినచోటే నిలుస్తుంది, ఇలాంటివి.

ఆయనకి నిజంగా నచ్చినదాని గురించి రాస్తే కాగితం వెచ్చబడేది. అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కాలాగా. చర్చిలో అది అందరికీ మామూలే. చంటిపిల్లల తల్లులు పాలసీసాకి చుట్టేవారు. "తొక్కు బాగానే కాలుతోంది, రెండు సీసాలు తెచ్చుకుందాం" అనుకునేవారు ఆంటీలు. మొహమాటానికి రాస్తే మాత్రం చల్లగా ఉండేది. రెండేళ్ల కిందట షాలేం రాజు గారు రెస్టారెంటు తెరిచి, ఎదురుగా కూర్చుని బిర్యానీ తినిపించి, "ఎలా ఉంది బ్రదర్?" అని అడిగితే ఈయన "అద్భుతం బ్రదర్" అన్నారు. అన్నందుకు రాయాల్సొచ్చింది. ఆ వారం కాగితాలు ఫ్రిజ్‌లోంచి తీసినట్టున్నాయి. షాలేం రాజు గారు ఏడాదిపాటు గోడకేసి చూస్తూ వందనాలు చెప్పారు.

మళ్లీ అలాంటి తప్పే చేశారు జోసఫ్ గారు ఈ ఆదివారం.

దేదీప్య అని ఓ అమ్మాయి. వస్తువుల డిజైన్‌లో మాస్టర్స్ చేసింది. ప్రార్థన కోసం కాదు, అన్నం కోసం వస్తున్నానని మొదటి వారమే పాస్టరమ్మ గారితో చెప్పేసింది. "ఏదైతేనేం, వడ్డించుకో" అందావిడ. ప్రతి వారం ప్రేమవిందుకి తలా ఒక గిన్నె తెస్తారు. హైవేలో ఎవరో ఒకరి సాంబారు కార్లో ఒలుకుతుంది. అది చూసి దేదీప్య కాలేజీ వర్క్‌షాపులో ఒక స్టాండు చేసింది. చెక్కపీట, దాని మీద రింగులో రింగు, లోపలి రింగులో గిన్నె. కారు ఎటు ఊగినా గిన్నె ఉయ్యాల్లో బిడ్డలా తిన్నగా ఉంటుంది. పీటకి సీటుబెల్టు పెట్టుకోవచ్చు. జోసఫ్ గారు హాల్లో దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఆ పిల్ల మొహం చూసి, రాసేశారు.

దేదీప్య కాగితం చెంపకి ఆనించుకుని, చల్లగా తగలగానే దించేసింది.

"నచ్చకపోతే చెప్పొచ్చు కదంకుల్. నేనేమైనా ఏడుస్తానా?" అంది, కళ్లు తుడుచుకుంటూ.

"అది కాదమ్మా..."

"ఇంకా ఇరవై అయిదు రోజులే ఉన్నాయి. ఈలోపు జాబ్ రాకపోతే వీసా పోతుంది, సామాను సర్దుకోవాలి. ఇంటర్వ్యూలో అందరూ పోర్ట్‌ఫోలియో చూసి 'నైస్' అంటారు. మీరూ అదే అన్నారు."

ఇంటికొచ్చాక జోసఫ్ గారి భార్య దీనమ్మ ఊరుకోలేదు. "అసలు మీరు దాన్ని వాడారా?"

"చూశాను కదా."

"తొక్కు సీసా చూసి రాస్తారా, తిని రాస్తారా?"

ఇక్కడ దీనమ్మ చేపల పులుసు సంగతి చెప్పాలి. 2016లో ఆ పులుసు చర్చికి తీసుకెళ్తుంటే కార్లో బోర్లాపడింది. ఆ టెక్సాస్ ఎండాకాలమంతా కారు చేపల మార్కెట్టులా గుబాళించింది. అపార్ట్‌మెంటు పిల్లులన్నీ దాని కిందే కాపురం పెట్టాయి. అప్పటినుంచి ఆవిడ పులిహోర తప్ప ఇంకేమీ పట్టుకెళ్లలేదు. ఎనిమిదేళ్లుగా జోసఫ్ గారు ప్రేమవిందులో పులిహోర తింటూ పులుసు తలుచుకుంటున్నారు.

"దీనా, ఈ ఆదివారం పులుసు పెట్టవూ?"

"మళ్లీ ఒలికితే ఆ కార్లో మీరే పడుకోండి."

పదకొండో తారీఖున, దేదీప్యనడిగి తెచ్చుకున్న స్టాండుని వెనక సీటుకి బెల్టుతో కట్టి, అందులో పులుసు గిన్నె పెట్టారు. హైవే ఎక్కిన అయిదు నిమిషాలకి ఒక ట్రక్కు సిగ్నలివ్వకుండా అడ్డమొచ్చింది. జోసఫ్ గారు ప్రాణం పెట్టి బ్రేకు తొక్కారు. కళ్లజోడు ఎగిరి డాష్‌బోర్డు మీద పడింది. దీనమ్మ బైబిలు సంచీ సీటు కిందికి పోయింది. ఆవిడ కళ్లు మూసుకునే, "అయిపోయింది, కంపే కంపు" అంది. తర్వాత మెల్లగా వెనక్కి తిరిగింది. గిన్నె రెండుసార్లు ఊగి నిలబడింది.

"ఏవండీ... చుక్క పడలేదు."

చర్చి పార్కింగ్‌లో స్టీరింగ్ మీదే కాగితం పెట్టుకుని రాశారు జోసఫ్ గారు. రిటైరయ్యాక మొదటిసారి డ్రాయింగు కూడా గీశారు. రెండు రింగులు, పీట, బెల్టు, కొలతలతో సహా. చర్చిలోని జిరాక్సు మిషన్ మీద కాపీలు తీస్తుంటే ట్రేలోంచి ఆవిరొచ్చింది. పాస్టరమ్మ గారు ఆ కాగితాల దొంతర మీదే పులుసు గిన్నె పెట్టి వేడిచేసి వడ్డించింది. దేదీప్య కాగితాన్ని చేతులు మార్చి మార్చి పట్టుకుని ఊదుకుంది. మూడుసార్లు అన్నం పెట్టించుకుంది.

చర్చికొచ్చే ఫెబీ, ఊళ్లోనే లాస్ కొలీనాస్‌లో కార్ల సామాన్లు చేసే ఓ చిన్న కంపెనీలో పనిచేస్తుంది. సోమవారం ఆఫీసు ఏసీకి వేళ్లు కొంకర్లు పోతుంటే ఆ కాగితం కీబోర్డు ముందు పరుచుకుంది. ఏదో అడగడానికొచ్చిన బాసు మాటల్లో దాని మీద చెయ్యి పెట్టి, తియ్యడం మర్చిపోయాడు.

"ఏమిటిది, ఇంత హాయిగా ఉంది?"

"మా చర్చికొచ్చే ఓ అమ్మాయి చేసిన స్టాండు, మా అంకుల్‌కి నచ్చింది. చేపల కూర ఒలకదు."

కాగితం మీది తెలుగు ఆయనకి ఏం అర్థమవుతుంది? డ్రాయింగు అర్థమైంది. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఈ అమ్మాయిని రమ్మనండి" అన్నాడు. గడువుకి ఇంకా మూడు రోజులుండగా దేదీప్య ఆ కంపెనీలో డిజైనర్‌గా చేరింది.

మరుసటేడు అక్టోబరులో జోసఫ్ గారు ప్రభువునందు నిద్రించారు. వీలునామా అదే అరపేజీలో, అదే చేతిరాతలో రాశారు. కారు ఫెబీకి. మెడ వంగే లైటు పాస్టరమ్మ గారికి. పెన్నులు, గుమ్మం పక్కన బల్ల, వారం వారం రాసే పని దేదీప్యకి. "మొహమాటపడకు" అని ఆ పక్కనే రాసి కింద గీత గీశారు. దీనమ్మకి మిగిలినదంతా, ఆ వీలునామా కాగితంతో సహా. అది ఇంకా చల్లారలేదు. సాయంత్రాలు మోకాళ్ల మీద వేసుకుంటుంది.

షాలేం రాజు గారికి ఏమీ రాలేదు. ఆయన రెండుసార్లు అడిగారు కూడా. అయితే దేదీప్య రాసిన మొదటి కాగితంలో ఆయన రెస్టారెంటు మజ్జిగ గురించి ఒక వాక్యం ఉంది. బిర్యానీ ఊసు లేదు. ఆయన దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. ఆ చలికాలమంతా ఆయన కోటు తొడగడం ఎవరూ చూడలేదు.