మలేసియాలో గ్రూప్ ఫొటో

శంషాబాద్ నుంచి బయల్దేరిన స్కూలు బస్సులో భ్రమరాంబ ఆమని పక్కనే కూర్చుంది. మిగతా పిల్లలంతా ఒకరి మీద ఒకరు వాలి నిద్రపోతున్నారు. ఆమని మాత్రం ఒళ్లో చాక్లెట్ల డబ్బా పెట్టుకుని, "ఎయిర్‌పోర్టుకు నాన్న ఎందుకు రాలేదు మేడం?" అని మళ్లీ అడిగింది.

"ఇంటి దగ్గరే దింపమన్నారమ్మా," అంది భ్రమరాంబ. అబద్ధం కాదు. కాకపోతే దింపమన్నది నాన్న కాదు.

ఆమని నాన్న గిరీష్ నిన్న పొద్దున షటిల్ ఆడుతూ కుప్పకూలి చనిపోయాడు. ఆ బస్సులో ఆ సంగతి తెలిసింది భ్రమరాంబ ఒక్కదానికే.

తెలుగు టీచరుకు విదేశాల్లో ఏం పని అంటారేమో. ఇంగ్లీషు టీచరుకు నెలలు నిండాయి, లెక్కల మాస్టారుకు పాస్‌పోర్టు లేదు. అలా తొమ్మిదో తరగతిని సింగపూర్ తిప్పి తెచ్చే పని ఈవిడ నెత్తిన పడింది. ఆ వయసు పిల్లల్ని పరాయి దేశంలో కాయడమంటే కప్పల తక్కెడే. ఒకడు ఐస్‌క్రీమ్ బండి దగ్గర తేలతాడు, ఇంకొకత్తె అద్దం ముందు నుంచి కదలదు. దానికి తోడు పిల్లల దగ్గర ఫోన్లు ఉండకూడదని స్కూలు రూలు. అందుకని ఎక్కడ ఆగినా టీచరే గ్రూప్ ఫొటో తీసి తల్లిదండ్రుల వాట్సాప్‌లో పెట్టాలి. హైటెక్ సిటీ ఆఫీసుల్లో మీటింగుల మధ్య కూర్చున్న అమ్మానాన్నలు బల్ల కింద ఫోన్ చూసుకుని బొటనవేలి బొమ్మలు పెట్టేవాళ్లు. అందరికంటే ముందు పడేది గిరీష్ బొటనవేలు.

ఆమనికి ఫొటోల్లో నవ్వాలంటే సిగ్గు. పళ్లకు క్లిప్పులున్నాయి. "నవ్వమ్మా, మీ నాన్న చూస్తారు," అంటే తప్ప పెదవి విప్పేది కాదు. భ్రమరాంబ ప్రతి ఫొటోకీ ఆ మాటే అనేది.

ఆఖరి రోజు మలేసియా. పొద్దున సరిహద్దు వంతెన దాటి వెళ్లి, సాయంత్రానికి తిరిగొచ్చి, రాత్రికి సింగపూర్‌లో విమానం ఎక్కాలి. అక్కడ పార్కు గేటు ముందు పిల్లల్ని వరుసలో నిలబెడుతుండగా ఆమని మేనమామ హేమంత్ ఫోన్ చేశాడు.

"మేడం, బావ పోయినాడు. పాపకు చెప్పద్దండి," అంటూ ఏడ్చాడు. "అక్కకు స్పృహ లేదు. ఏం చేయల్లో నాకు తెలీడంలే. ఫ్లాట్ల అసోసియేషన్ వాళ్లు సాయంత్రంలోపల తీసుకపొమ్మంటాండారు. సర్వీస్ లిఫ్టు కాడ మనిషిని గూడా పెట్టినారు. పాప చూడల్ల అంటే మాత్రం ఎవరేమన్నా సరే, ఫ్రీజర్ బాక్సు తెప్పించి రేపటిదాకా పెడతాం. లేదంటే ఈపొద్దే కానిచ్చేస్తాం. రోజూ చూసే టీచరు మీరు. పాప తట్టుకుంటాదా? మీరే చెప్పండి."

బతికున్నంతకాలం అద్దాల లిఫ్టు, పోయాక సామాన్ల లిఫ్టు. నెల నెలా మెయింటెనెన్స్ కట్టించుకునే వాళ్ల మర్యాద ఇది. అయినా వాళ్లను తిట్టి లాభం లేదు. ఆ మధ్యాహ్నం మాట వాళ్ల చేతిలో లేదు, భ్రమరాంబ చేతిలో ఉంది.

చిన్నప్పుడు ఆమెను వాళ్ల నాన్న శవం దగ్గరికి పెద్దవాళ్లు భుజాలు పట్టుకుని తోశారు. కడసారి చూడవే అన్నారు. ముక్కుల్లో దూది పెట్టిన ఆ ముఖమే మిగిలింది ఆమెకు. అంతకుముందు నవ్విన ముఖం ఎంత తలుచుకున్నా గుర్తురాదు. ఆ భయం ఒకటి. ఇంకోటి కూడా ఉంది. ఆమనికి నాన్నను చూపించడానికే తీసుకెళ్లేట్టయితే దారిలోనే చెప్పాలి, ఏడుస్తున్న పిల్లను పట్టుకుని ఇంతమందితో సరిహద్దు దాటాలి. ఈ రెండు భయాల్లో తన చేత మాట్లాడించింది ఏదో ఆమెకే తెలియదు.

"చిన్నపిల్లండీ. చూడకపోవడమే మంచిది," అంది.

"సరే మేడం. మీ మాట ప్రకారమే చేస్తాం."

ఫోన్ పెట్టేసరికి పిల్లలు వరుసలో ఎదురుచూస్తున్నారు. ఫొటో పడకపోతే తల్లులు ఫోన్ల మీద ఫోన్లు చేస్తారు. ఆమని మూతి ముడుచుకుని ఓ చివర నిలబడింది.

"నవ్వమ్మా, మీ నాన్న చూస్తారు."

అలవాటుకొద్దీ వచ్చేసింది. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేమని ఏళ్ల తరబడి పిల్లలకు చెప్పిన మనిషి ఆవిడే. ఆమని క్లిప్పులన్నీ కనబడేలా నవ్వింది.

ఇప్పుడు స్కూలు బస్సు రాయదుర్గం టవర్ల మధ్యకు వచ్చింది. "మేడం, ఏ గేటుకాడ ఆపాలె? ఎనుక బండ్లు ఆగినయ్, జర జల్ది దిగుండ్రి," అన్నాడు డ్రైవర్ రవీందర్. మిగతా పిల్లల్ని అతనికి అప్పజెప్పి, భ్రమరాంబ ఆమనితో పైకి వెళ్లింది.

ఫ్లాటు బయట చెప్పులు కుప్పలుగా ఉన్నాయి. వాటిని చూడగానే ఆమని నడక ఆగిపోయింది. తలుపు తీసే ఉంది. హాల్లో గిరీష్ ఫొటోకు దండ, దాని ముందు దీపం. వాళ్లమ్మ గోడకు చేరగిలబడి, కూతుర్ని చూసి కూడా లేవలేకపోయింది.

"నాన్న ఏడీ?" అంది ఆమని.

హేమంత్ వచ్చి దగ్గరికి తీసుకున్నాడు. "నిన్న సాయంత్రమే అయిపోయింది తల్లీ. నువ్వు తట్టుకోలేవని మీ మేడం గూడా చెప్పింది." అతను ఎవరి మీదా నేరం మోపలేదు, పిల్లను ఓదార్చాలనే అన్నాడు.

ఆమని ఏడవలేదు. భ్రమరాంబ వైపు తిరిగి చెయ్యి చాపింది. "మేడం, ఫోన్ ఇవ్వండి."

ఇచ్చింది. మలేసియా ఫొటో తెరిచి, కింద బొటనవేళ్లు పెట్టినవాళ్ల పేర్లన్నీ ఆ పిల్ల ఒక్కొక్కటీ చూసింది. నాన్న పేరు లేదు.

"ఇది తీసేటప్పటికి మీకు తెలుసా?"

అబద్ధం భ్రమరాంబ నోటిదాకా వచ్చింది. మింగేసింది. "తెలుసమ్మా."

"అప్పుడు నాన్న ఇక్కడే ఉన్నాడా? ఇంట్లో?"

"ఉన్నారు."

"నన్ను అడిగుంటే ఉంచమని చెప్పేదాన్ని కదా మేడం."

తన నాన్న ముఖం సంగతి చెబుదామా అనుకుంది భ్రమరాంబ. అది ఈ పిల్లకెందుకు?

"చూస్తారని చెప్పి నవ్వించారు," అంది ఆమని, ఫోన్‌లో నవ్వుతున్న తనను చూసుకుంటూ.

కింద బస్సు హారన్ మోగింది. పిల్లలు ఎదురుచూస్తున్నారు, వెళ్లక తప్పదు. ఫోన్ అడిగి తీసుకునే ధైర్యం లేక, భ్రమరాంబ చెప్పుల కుప్పలో తన చెప్పులు వెతుక్కుని ఉత్త చేతులతో కిందికి దిగింది.