ఎడమచేతి మీటు

బొబ్బిలిలో మోహనకృష్ణ వీణల దుకాణం తలుపు తీస్తే పనసచెక్క వాసన గజపతినగరం దాకా పోయి, అన్నం తిన్నవాళ్లకి కూడా మళ్లీ ఆకలి పుట్టించేది. నా మాటలో అతిశయం ఆవగింజంతైనా ఉండదు! గోవింద్ ఉలి పట్టేవాడు, తీగలు బిగించేవాడు. మోహనకృష్ణ మైనం కాచి వీణలకి మెట్లు కట్టేవాడు. గరివిడి నుంచి వచ్చే అనూరాధ వెబ్‌సైట్‌లో ఆర్డర్లు చూసేది.

ముగ్గురికీ ఒకటే పాస్‌వర్డ్. ఎవరు ఏది దిద్దినా కంప్యూటర్ ‘చివరగా మార్చినవారు: దుకాణం’ అనే చూపించేది. దానికెవరూ బెంగపడలేదు. ఆర్డరు మళ్లీ తెరిస్తే గోడకున్న వీణలు చివరగా మార్చినవాళ్ల మీటు పలికేవి కదా! మోహనకృష్ణది ఎడ్ల మెడలో గంట. గోవింద్‌ది ఉలిదెబ్బ. అనూరాధ అప్పటిదాకా చదివి చెప్పడమే తప్ప ఏదీ మార్చగా ఎవరూ చూడలేదు.

ఓరోజు విశాఖపట్నం వాళ్లు ఆర్డరిచ్చిన వీణ ఒళ్లోకి తీసుకుని మోహనకృష్ణ గావుకేక పెట్టాడు.

“ఏటిరా గోవిందూ, తీగలు అటేపు కట్టినావేటి?”

“అనూరాధ ఇచ్చిన కాయితంల ఎడంసెయ్యి అనే ఉన్నాది మావా.”

“ఏదా కాయితం?”

“దాంతోనే మైనం పొయ్యి రాజేసినాను.”

“ఆర్డరొచ్చినప్పుడు కుడి అని నాను సూసినాన్రా! తప్పు సేసి కతలు సెప్తన్నావా? ఇంక ఉలి ముట్టకు, ఎల్లిపో!”

గోవింద్ ఉలులు మూటగడుతూ, “ఎల్తాను. ముందు ఈణల్ని అడుగు” అన్నాడు.

అనూరాధ ఆర్డరు తెరిచింది.

గంట కాదు, ఉలి కాదు. వాన వెలిశాక చూరు నుంచి జారే చుక్కలా పలికాయి వీణలన్నీ. టీ గ్లాసుతో నేనక్కడే ఉన్నాను. వీధిలో లారీలు హారన్లు మింగేశాయి. కోటగోడ అడుగు ముందుకి వంగి విన్నది!

“ఎవుల సెయ్యే ఇది?” అన్నాడు మోహనకృష్ణ.

“నాదేనేమో బాబూ” అంది అనూరాధ, తెల్లబోయి. “వీధి పేరు తప్పుంటే దిద్దినాను. అప్పుడే ఎడం అని నొక్కేసినట్టున్నాను. నాది ఎడంసెయ్యి కదా, అదే సరైందనిపిస్తాది. గోవింద్‌ని పంపీకండి.”

“ఈణ ఎక్కడ నేర్సినావు?”

“ముట్టుకోనేదు బాబూ.”

మోహనకృష్ణ ఆ వీణ ఆమె ఒళ్లో పెట్టాడు. “ఒరే గోవిందూ, మూట ఇప్పు. ఇశాపట్నం వోళ్లకి ఇంకోటి సెయ్యాల” అన్నాడు.

ఇప్పుడా దుకాణంలో మెట్లు కట్టేది అనూరాధే. ఆర్డర్లు మోహనకృష్ణ చూస్తాడు, ఒక్క వేలితో. వెనక గోడ మీద ఎడ్ల గంట మోగినప్పుడల్లా ఆవిడ మైనం మీంచి తలెత్తకుండానే అడుగుతుంది:

“కుడే నొక్కినారా బాబూ?”