కర్నూల్లో ఆగిన ఆట

శనివారం సాయంత్రం కర్నూలులో గంటసేపు వాన పడింది. కమలాపురం దగ్గరి చిన్నగొల్లపల్లెలో పడలేదు.

సోమవారం పొద్దున పుల్లయ్య రైతు లక్ష్మన్న బావి దగ్గర కూలికి కపిల తోలుతున్నాడు. ఎడ్లు పల్లానికి దిగేటప్పుడు మోకు మీద కూర్చుంటాడు. తోలుబాన పైకి వచ్చి నీళ్లు కాలువలో పోస్తుంది. కేక వేస్తే ఎడ్లు వెనక్కి నడుస్తాయి. బావి అడుగంటింది. బానలో సగం బురదే వస్తోంది.

గిలక కొయ్యకు జడ ఒకటి ఆరవేసి ఉంది. జనపనారతో అల్లి, మసి పట్టించింది అతని భార్య ఓబులమ్మ. ఏటా ఆషాఢంలో ఊరివాళ్లు ఇంటికింత జొన్నలు వేసుకొని గంగమ్మ ఆట ఆడిస్తారు. ఆటలో గంగమ్మ అలిగి ఇల్లు విడుస్తుంది. అందరూ బతిమాలితే తెల్లవారేసరికి తిరిగి వస్తుంది. ఆ తర్వాత వాన పడుతుందని నమ్మకం. గడ్డం తీసేసి గంగమ్మ వేషానికి ఆ జడ పెట్టుకునేది పుల్లయ్యే. వయసు యాభై దాటింది.

ఈ ఏడు ఊరికంటే ముందు సర్కారు పిలిచింది. కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయి రెండేళ్లు కావస్తోంది. పల్లె కళలకు ప్రభుత్వం డబ్బు ఇస్తుందని చెప్పారు. శనివారం కర్నూల్లో ఆట, ఒక్కో జట్టుకు గంట సమయం. గంగమ్మ గడప దాటి నాలుగడుగులు వేసేసరికి గంట కొట్టి ఆట ఆపేశారు. పుల్లయ్యకు శాలువా కప్పారు. బయటికి వస్తే వాన. జడ తడిసింది.

"వాన కావాలనే పిలిపించినారా సామీ?" అని అక్కడి అధికారిని అడిగాడు.

"వాన కోసం కాదు. కళ కోసం" అన్నాడాయన.

కళ కోసం ఆడితే ఏం పడుతుందో పుల్లయ్యకు తెలియలేదు. దారి పొడవునా ఆలోచించాడు.

లక్ష్మన్న నవ్వుతూ గట్టు మీదికి వచ్చాడు.

"ఏం గంగమ్మా, కర్నూలు బాగుండాదా?"

"నగబాకప్పా."

"నగక ఏం జేయాల? ఆయమ్మను తీస్కపోయి ఆడ ఇడిసొస్తివి. ఆడ్నే ఉండిపాయె. దుడ్డిచ్చినోనిదే ఆట. ఆట యాడుంటే వాన ఆడ."

"సర్కారుకు దుడ్డు యాడిదప్పా? మనం గట్టిన శిస్తే గదా."

లక్ష్మన్న గట్టు మీద కూర్చున్నాడు.

"అట్లయితే శిస్తు గట్టినోళ్లందరికీ పడాల. నేను గట్టలేదా?"

పుల్లయ్య కేక వేశాడు. ఎడ్లను వెనక్కి నడిపించి మళ్లీ మోకెక్కాడు.

"ఊర్లో జొన్నలు ఎయ్యం అంటాండారు. నువ్వు సర్కారోనివంట. ఇంక గంగమ్మ ఏషం మన ఊరి ఓబులేసుకంట."

"వానికి నడుమే తిరగదు గదప్పా!"

పుల్లయ్య మోకు దిగాడు. ఎడ్లు ఆగాయి.

"ఆట అయిపోలేదప్పా. గంగమ్మ పొయ్యేది ఆడ ఆడినా. వచ్చేది ఈడ ఆడతా. శుక్రారం. ఆడ ఇడిసిన అడుగు కాడ్నించే."

"పొయ్యేదానికి సర్కారు, వచ్చేదానికి మేమా?"

"ఊ."

"సగం ఆటకు సగం జొన్నలే. ఊరోళ్లకు నేను జెప్తా." లక్ష్మన్న జడ వైపు చూశాడు. "అది బాగా ఆరినాకే పెట్టుకో. కర్నూలు నీళ్లుండాయి దాంట్లో."

మధ్యాహ్నం ఓబులమ్మ సంగటి తెచ్చింది. ఎడ్లు పల్లంలో నిలబడి ఉన్నాయి. బాన ఖాళీ అయి చుక్కలు కారుతోంది. వెనక్కి నడవమనే కేక లేదు. పుల్లయ్య మోకు పక్కన నేల మీద ఒరిగి ఉన్నాడు. ఒళ్లు వెచ్చగా ఉంది. ఊపిరి లేదు.

సర్కారు శాలువా కప్పాలా వద్దా అని ఇంటి ముందు మాటలు జరిగాయి. తేలలేదు. ఓబులమ్మ తెచ్చి కప్పింది.

శుక్రవారం ఆట జరగలేదు. ఓబులేసు కర్నూలుకు పోయినవాడు కాదు, పోయినవాళ్లు తలా ఒక అడుగు చెప్పారు. ఏ అడుగు దగ్గర ఆగిందో తెలియకుండా వేషం కట్టనన్నాడు.

శనివారం సాయంత్రం చిన్నగొల్లపల్లెలో చినుకులు పడ్డాయి. విత్తడానికి పదును రాలేదు. గిలక కొయ్యకున్న జడ తడిసింది. దాని మసి కొయ్య వెంట బావిలోకి కారింది.