కోళ్ల తర్వాతి అంశం

ఒహాయోలో మా కార్వర్స్ ఫోర్డ్ ఊరి కౌన్సిల్‌కి పద్దెనిమిదేళ్లుగా నేనే క్లర్కుని. ఇక్కడ ఏ చట్టమైనా మూడు సమావేశాల్లో మూడుసార్లు చదవాలి. అంత ఆగలేమంటే ఏడుగురు సభ్యుల్లో ఆరుగురు "అత్యవసరం" అనాలి. అప్పుడు ఆ పూటే అమల్లోకి వస్తుంది.

మొన్న మంగళవారం పెరటి కోళ్ల సంగతి వచ్చింది. ఇంటికి నాలుగా, ఆరా? గంటన్నర కొట్టుకుని, ఆరని తేల్చి, ఏడుగురూ అత్యవసరమన్నారు. గుడ్లు ఆగవు కదా మరి!

తర్వాతిది పిల్లల చట్టం. ఆడపిల్లను ఇష్టపడే ఆడపిల్లను, మగపిల్లాడిని ఇష్టపడే మగపిల్లాడిని "దారిలో పెడతాం" అంటూ పద్దెనిమిదేళ్లలోపు వాళ్లకు చేసే వైద్యాన్ని ఊళ్లో నిషేధించాలని. రాష్ట్ర రాజధానిలో ఇలాంటి బిల్లు గుర్రుపెట్టి నిద్రపోతోంది.

"తొందరెందుకండీ? లోతుగా చూడాలి," అన్నాడు సభ్యుల్లో ఒకడైన హార్డ్‌వేర్ దుకాణం వేన్ హోస్టెట్లర్. కోళ్ల దగ్గర ఈ లోతు ఏ గంగలో కలిసిందో!

ప్రజలు మాట్లాడే వేళ ఆయన కూతురు డెలైనీ లేచింది. పదిహేనేళ్ల పిల్ల. పేరు, చిరునామా చెప్పి మూడు నిమిషాల్లో ముగించాలి.

"డెలైనీ హోస్టెట్లర్. నలభై ఒకటి, క్వారీ వీధి. అదిగో, ఆయనింట్లోనే."

హాలు గొల్లుమంది. వేన్ ముఖం కందగడ్డయింది.

"ఈ శనివారం పదింటికి నన్ను కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్తారట. ఆరు వారాల్లో బాగుచేస్తాడట. మీరు మూడుసార్లు చదివి, అది అమల్లోకొచ్చేసరికి రెండు నెలలు. అప్పటికి నా పని అయిపోతుంది. మీ చట్టాన్ని ఫ్రేము కట్టించుకోండి."

"ఇది ఇంటి విషయం. కూర్చో!" అన్నాడు వేన్.

"నాకింకా టైముంది నాన్నా."

"ఒకటిన్నర నిమిషం ఉందండీ," అన్నాను నేను, కావాలనే గట్టిగా.

ఆ పిల్ల జేబులోంచి కాగితం తీసింది. కౌన్సెలర్ పంపిన ఫారం, తండ్రి చేత్తో నింపింది. "లక్షణాలు రాయమన్నారు. నాన్న ఏం రాశాడంటే, 'టెస్సా అనే అమ్మాయితో ఉంటే పొట్ట పట్టుకుని నవ్వుతుంది. ఇంట్లో నవ్వి రెండేళ్లయింది.'" "ఇదేనా నా జబ్బు?"

అత్యవసరమా కాదా అని ఒక్కొక్కరి పేరూ పిలిచాను. ఐదుగురు అవునన్నారు. ఒకాయన కాదన్నాడు. ఇక వేన్ ఒక్కడే మిగిలాడు.

"హోస్టెట్లర్ గారూ?"

"నేను దాని మంచికే..."

"అది ఓటు కాదండీ." నాకు ఒళ్లు మండిపోయింది. "అవునా, కాదా?"

ఆయన కూతురి చేతిలోని కాగితం వంక చూశాడు.

"అవును."

ఆరు ఓట్లూ నిండాయి. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, సిగ్గేం లేదు. వేన్ మైకు ఆపడం మర్చిపోయాడు. ఆయన అడిగింది ఊరంతా విన్నది.

"శనివారం ఆ అమ్మాయి ఖాళీయేనా? పదింటికి మనింటికి రమ్మను. నువ్వు నవ్వితే విని చాలా రోజులైంది."

"శనివారం పదింటికి ఎవరు లేస్తారు నాన్నా!" అంది డెలైనీ.