మిద్దె మీద గుల్ల సున్నం

ఇల్లు అమ్మకానికి పెట్టినవాళ్లు చల్లటి వేళ చూసి చూపించుకుంటారు. కృపామణి కూడా అంతే చేసింది. ఆదివారం చర్చి అయ్యాక, ఎండ కాస్త దిగే వేళకి, సాయంత్రం నాలుగున్నర మీదట ఎవరినైనా తీసుకురమ్మని బ్రోకరు రాజారత్నంతో చెప్పింది. గడప కడిగింది. కిటికీలకు ఉతికిన తెరలు వేలాడదీసింది. వంటింటి అటకమీది తుప్పుడబ్బాలన్నీ తీసి పాత సామాన్లవాడికి ఇచ్చేసింది. కుండలో మజ్జిగ చేసి పెట్టుకుని వాకిట్లో కూర్చుంది. ఆ ఆదివారం ఎవరూ రాలేదు. పై ఆదివారం కూడా రాలేదు. మజ్జిగ మాత్రం రెండుసార్లూ పులిసింది.

"ఈ ఇంటిమీద ఎవురో పుల్ల పెట్టినారు," అని తేల్చేసింది కృపామణి. పుల్ల పెట్టింది ఎదురింటావిడే అని కూడా నిర్ణయించుకుని, పాపం ఏమీ ఎరగని ఆవిడతో నాలుగు రోజులు మాట్లాడలేదు.

అసలు సంగతి రాజారత్నానికి ఫోన్‌లో తెలిసింది. టిఫిన్ సెంటర్ నడుపుకునే రూపేష్ అనే అతను ఇల్లు చూస్తానని ఫోన్ చేసి, వేళ వినగానే నవ్వేశాడట. రాజారత్నం వచ్చి అరుగుమీద కూలబడ్డాడు.

"అక్కా, ఆదివారం నాలుగున్నర నించి ఆరు దాకా రాహుకాలమంట! ఆ టైములో కొత్తిల్లు ఎవురు తొక్కతారని అడగతా ఉండాడు ఆయప్ప."

"నువ్వు బ్రోకరువి గదరా, నీకు తెలవదా?"

"నేనూ నీ సర్చే గదక్కా! ఇన్నాళ్లూ స్థలాలు సూపించినా గానీ ఇల్లు సూపించేది ఇదే మొదలు."

చర్చికి పోయేవాళ్లు ఇద్దరు కలిసి, చిత్తూరు మొత్తం మీద ఎవరూ రాని వేళని ఏరి మరీ పట్టుకున్నారన్నమాట. ఎదురింటావిడకు ఆ సాయంత్రమే ఒక గిన్నెడు పాయసం వెళ్లింది.

రూపేష్‌కి పొద్దున హోటలు వదలడం కుదరదు. పన్నెండు దాటితే యమగండం. అది పోయాక, ఒకటిన్నర మీదట వాళ్లమ్మను తీసుకుని వస్తానన్నాడు. కృపామణి బెంబేలెత్తిపోయింది. నడివేసవి కత్తిరి ఎండల్లో, మిట్టమధ్యాహ్నం, ఈ ఇంటికి!

ఎందుకంటే ఆ ఇల్లు పగలంతా పొయ్యే. వెనక చెట్టూ చేమా లేని బండగుట్ట, పైన కాంక్రీటు మిద్దె. పోయిన ఏడు కత్తిరిలోనే, ఇలాంటి ఒక మధ్యాహ్నం, ఆర్టీసీ గ్యారేజీలో ముప్పై ఏళ్లు టైర్లు ఎత్తిన ఆమె భర్త పాల్, నడింట్లో మంచినీళ్ల చెంబు పట్టుకుని నిలబడ్డవాడు నిలబడ్డట్టే పడిపోయాడు. ఒళ్లు నిప్పు. చెమట లేదు. ఆస్పత్రిలో డాక్టరమ్మ కృపామణిని పక్కకు పిలిచి, "ఇంకో కత్తిరి ఆ ఇంట్లో ఉంచొద్దమ్మా" అని చెప్పింది. అప్పటినుంచి ఆ మాట ఆమె చెవిలోనే కాపురముంది. ఎండలు ముదరగానే భోజనం పెట్టి పాల్‌ని చర్చి వరండాకి తరిమేది. పాల్ స్నేహితుడు ఎల్లప్ప పలమనేరులో ఒక ఇల్లు చూశాడు. అక్కడ చల్లగా ఉంటుంది. నెలాఖరులోగా ఇది అమ్ముడుపోతేనే అది దక్కుతుంది. పలమనేరులో ఆమెకు తెలిసిన మనిషి ఒక్కరూ లేరు. పాల్‌కి పోవాలని ఉందో లేదో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. బతికుండే మనిషి ఎక్కడైనా బతకొచ్చు అనుకుంది.

వెళ్తూ వెళ్తూ రాజారత్నం మిద్దె ఎక్కి చూసి ముఖం చిట్లించాడు. "పాచి ఎండి నల్లంగా ఉండాదక్కా. వచ్చినోళ్లు మిద్దె ఎక్కకుండా పోరు. తెల్లంగా ఏదన్నా కొట్టించు."

రంగు కొట్టించే స్తోమత లేదు. కృపామణికి పుట్టిల్లు గుర్తొచ్చింది. పులికాట్ సరస్సు గట్టున, గవ్వలూ గుల్లలూ ఏరి బట్టీలో కాల్చి సున్నం చేసే ఇల్లు అది. వాళ్ల ఇళ్లకేమో తాటాకు కప్పులు. సున్నం ఊళ్లవాళ్ల గోడలకి. కాబట్టి మిద్దెకి సున్నం అన్న ఆలోచన ఆమెకి ఇన్నేళ్లూ తట్టనేలేదు. తమ్ముడికి ఫోన్ చేసింది. బెంగుళూరు పోయే రొయ్యల వ్యాన్‌లో మూడు మూటల గుల్ల సున్నం వచ్చి దిగింది. మూటలు చేపల వాసన కొడుతుంటే వీధి కుక్కలన్నీ వరస కట్టాయి.

కాల్చిన గుల్లల్ని ఇనప డ్రమ్ములో పోసి, ముక్కుకు తుండు కట్టుకుని, దూరంగా నిలబడి నీళ్లు వంచింది కృపామణి. కాసేపు ఏమీ లేదు. తర్వాత లోపల ఎవరో గొణిగినట్టు చిన్న చప్పుడు. గుల్లలు చిట్లడం మొదలైంది. ఆవిరి లేచింది. చూస్తుండగానే డ్రమ్ములో నీళ్లు బుడబుడా ఉడుకుతూ పైకి పొంగాయి. కింద పొయ్యి లేదు, కట్టె లేదు, అగ్గిపుల్ల గీసిన చెయ్యి లేదు.

పాల్ రెండడుగులు వెనక్కి వేశాడు. "ఏందే ఇది? నిప్పు యాణ్నించి వచ్చింది?"

"బట్టీలో తిన్న నిప్పుని దాసిపెట్టుకుంటాదంట. నీళ్లు తగిలితే కక్కేస్తాదని మా నాయన సెప్పేవాడు."

"ఇన్నేండ్లు కాపరం జేసినాం. ఒక్కనాడన్నా సెప్పలా నాకు."

"నువ్వడగలా," అంది కృపామణి. చెప్పింది గానీ ఆమె కూడా చూపు తిప్పుకోలేకపోయింది. చిన్నప్పుడు రోజూ చూసిందే. అప్పుడు అది పని. ఇప్పుడు ఈ ముసలితనంలో, ఈ వాకిట్లో, ఎప్పుడో నీళ్లలో బతికి చచ్చిన గుల్లలు మళ్లీ ఊపిరి పోసుకుని లేచినట్టు అనిపించింది.

రెండు రోజులు నాననిచ్చి, గంజి కలిపి, తెల్లవారుజామున భార్యాభర్తలు మిద్దె ఎక్కారు. గీకి కడిగిన మిద్దె మీద చీపురుకట్టలతో పూశారు. పూసినంత మేరా కుడితినీళ్ల రంగు. పాల్ నడుం పట్టుకుని నిట్టూర్చాడు.

"పాత్రలు కడిగిన నీళ్ల మాదిరి ఉండాది. దీనికేనా ఇంత యాతన?"

కృపామణి చీపురుకట్ట కింద పెట్టేసింది. ఈ మురికినా వచ్చినవాళ్లకి చూపించేది? అంతలో గుట్ట వెనకనుంచి ఎండ పొడ తగిలింది. తగిలిన మూల తెల్లబడింది. ఎండ జరిగేకొద్దీ తెలుపూ జరిగింది. ఎవరూ ముట్టుకోకుండానే, తడి ఆరేకొద్దీ, ఆ మూలనుంచి ఈ మూలకి మిద్దె మొత్తం తనంతట తానే మల్లెపువ్వయి పరుచుకుంది. పాల్ చెప్పులు విప్పేశాడు. ఎందుకు విప్పాడో ఆయనకీ తెలియదు. ఇద్దరూ మెట్లమీద నిలబడి, చర్చిలో నిలబడ్డట్టు నిలబడి చూశారు.

ఇంకో రెండు పూతలు వేశారు. మధ్యాహ్నం మిద్దె వైపు చూస్తే కళ్లు మూతపడేవి. కింద ఇంట్లో ఏం మారిందో కృపామణి గమనించనే లేదు. గమనించే తీరిక ఏది? తలుపులకు నూనె, బాత్రూముకు ఫినాయిలు, గోడమీద మరకలకు చాక్‌పీసు. అమ్మే ఇల్లు కదా, పెళ్లిచూపులకి ముస్తాబు చేసినట్టు చేసింది.

ఆదివారం వచ్చింది. భోజనాలయ్యాయి. పాల్ చర్చి వరండాకి బయల్దేరాడనే అనుకుంది. పెరట్లో మజ్జిగలోకి అల్లం దంచుతుండగా కరెంటు పోయింది. పోయిన వెంటనే వాకిట్లో ఆటో ఆగింది. సరిగ్గా ఇప్పుడేనా ప్రభువా అనుకుంటూ కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి పరుగెత్తింది.

నడింట్లో, నేలమీద, పాల్ పడి ఉన్నాడు.

అదే చోటు. అదే వేళ. తిరగని ఫ్యాను కింద, కళ్లు మూసుకుని, చెయ్యి ఒకటి పక్కకి వాలి ఉంది. కృపామణి ఒక్క అంగలో పక్కకి చేరింది. మోకాళ్లమీద కూలబడి నుదుటిమీద చెయ్యి వేసింది.

చల్లగా ఉంది. మెడ దగ్గర సన్నటి చెమట. చెవి దగ్గర పెడితే, హాయిగా, సన్నగా గురక.

నిద్రపోతున్నాడు! కత్తిరి మధ్యాహ్నం, కరెంటు లేని ఇంట్లో, చాపైనా లేకుండా బండమీద పడి చంటిపిల్లాడిలా నిద్రపోతున్నాడు. కృపామణి నేలమీద అరచెయ్యి ఆనించింది. లేచి గోడమీద ఆనించింది. తలెత్తి మిద్దెను చూసింది. రోజూ నెత్తిమీద సెగ కక్కే కప్పు నోరు మూసుకుని ఉంది. ఆ దేవుడు ఎంత గొప్పవాడని ఆదివారం ఆదివారం పాడుతూనే ఉంది గానీ, ఆ పాట అర్థం అరచేతికి తగిలింది మాత్రం అప్పుడే.

గుమ్మంలో రాజారత్నం, రూపేష్, అతని తల్లి మునెమ్మ నిలబడి ఉన్నారు. కృపామణి భర్తను తట్టబోయింది.

"లేపొద్దు మే," అంది మునెమ్మ గుసగుసగా. బయటే చెప్పులు విప్పి, పాదాలు నేలకి ఆనించి ఒక్క క్షణం కదలకుండా నిలబడింది. తర్వాత గోడకి చెంప ఆనించింది. "రూపేషూ, ఫ్యాను గూడా తిరగలేదురా."

ఆమె గోడకానుకుని కూర్చుని చెప్పుకొచ్చింది. బస్టాండు దగ్గర మిద్దెపైన వాళ్ల సొంత గదులు. కోడలికి పుట్టిన చంటిబిడ్డ, మధ్యాహ్నమైతే ఒళ్లంతా చెమటకాయలతో ఏడుపు. "నాకు ఇంకేం సూడబన్లేదు. ఈయన నిద్ర సూసినా, సాలు. ఇల్లు నచ్చింది. అయినా ఒక మాట అడగతా, ఏమనుకోవద్దు. ఇంత సల్లటి ఇంటిని యాల అమ్మతా ఉండావమ్మా?"

దీనికి కృపామణి దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. పది రోజులుగా వల్లె వేసింది: మా ఆయనకి ఎండ పడదు, చల్లటి ఊరికి పోతున్నాం. నోరు తెరిచింది. ఆ పడని ఎండలోనే ఆయన గురక పెడుతున్నాడు. రాజారత్నం వెనకనుంచి కళ్లతో బతిమాలుతున్నాడు.

"పోయిన వారం దాకా ఇది పొయ్యి, పెద్దమ్మా," అంది చివరికి. "ఈయన ఈడే పడిపోయినాడు. మీకు తెల్లంగా కనపడాలని మిద్దెకి గుల్ల సున్నం కొట్టినా. ఇట్లా అవతాదని నాకూ తెలవదు, దేవుడి తోడు. ఇప్పుడు మీరడిగినాకే తెలిసింది. అమ్మేదానికి కారణం ల్యా నాకు."

రూపేష్‌కి కోపం వచ్చింది. "ఎండలో ఇంత దూరం పిలిపించి ఈ మాట సెప్పేది బాగుండాదా?"

"బాగాలేదప్పా. తిట్టు, పడతా. ఒక మూట సున్నం మిగిలుండాది. రేపు నేనే వచ్చి నానేస్తా, రెండు దినాలు పోయినాక తెల్లారే మీ మిద్దెకి కొడతా. బిడ్డ నిద్రపోకుంటే అప్పుడొచ్చి ఈ ఇల్లు అడుగు. నేను కాదనను."

మునెమ్మ మెట్లెక్కి పైకి పోయింది. కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడింది. దిగొచ్చి, "ఆ మూట ఆటోలో ఎత్తురా," అంది కొడుకుతో. రాజారత్నం నాలుగు గ్లాసుల మజ్జిగ ఒక్కడే తాగి స్కూటరెక్కాడు.

ఎండ దిగాక పాల్ లేచి కూర్చున్నాడు.

"అయ్యో, నిద్రపోయినానా! వాళ్లు వచ్చినారా?"

"వచ్చి పోయినారు."

"ఇల్లు నచ్చిందంటనా?"

"నచ్చిందంట."

పాల్ తల వంచుకుని తుండు మడతపెట్టాడు. మళ్లీ విప్పి మళ్లీ మడతపెట్టాడు. "అయితే ఎప్పుడు కాళీ జేయాల?" అన్నాడు, గొంతు మామూలుగా ఉంచడానికి నానా తంటాలు పడుతూ.

కృపామణి సున్నానికి పగిలిన చేత్తో ఆయన భుజం పట్టుకుంది.

"కాళీ జేసేది లేదు. ఇంకా పొద్దుండాది, పండుకో."